స్లైడులో కొన్నే

చీము చూసినా, పురుగులు పట్టిన పుండు చూసినా ముక్కు ముడవని ల్యాబ్ డాక్టరమ్మకు మలేరియా రక్తం చూస్తే మాత్రం రోత. అందులోనూ ఇవాళ మైక్రోస్కోపు కింద ఉన్నది సొంత అత్తగారి రక్తం. ఎర్రకణాల్లో ఉంగరాల్లాంటి పిల్ల క్రిములు కనిపించాయి. వెతికితే గానీ దొరకనంత తక్కువ.

"కొన్నే కదా! మాత్రలిచ్చి ఇంటికి తీసుకెళ్దాం," అన్నాడు భర్త. వార్డు డాక్టరు ఆయనే. తల్లి విషయం కాబట్టి, గుండె కుదుటపడే మాట ఏది దొరికినా పట్టుకుని వేలాడుతున్నాడు.

"కనబడేవి పిల్లలండీ. ముదిరినవి బయట తిరగవు. అవి దూరిన కణానికి ఒళ్లంతా బొడిపెలు లేచి, సన్నటి రక్తనాళం గోడకి అతుక్కుపోతుంది. దానికి ఇంకోటి. మన సింకు గొట్టంలో జిడ్డు చూశారుగా? మెదడులోనూ అంతే, దారి మూసుకుపోతుంది."

"ఛీ! అన్నం వేళకి ఆ మాటలేంటే?"

ఆమెకు ఒళ్లు మండింది. ఆ క్రిమిది తిన్నింటి వాసాలు లెక్కపెట్టే జాతి. లోపల దారులన్నీ మూసేసి, ఇంట్లో ఇంకెవరూ లేనట్టు నలుగురు పిల్లల్ని వీధిలోకి తోలుతుంది. అంత చదివిన మనిషి ఆ నలుగుర్నీ చూసి మురిసిపోతుంటే ఆమెకు క్రిమి కంటే మొగుడి మీదే ఎక్కువ రోత పుట్టింది.

"స్లైడు కాదు, మనిషిని చూద్దాం రండి," అని విసవిసా వార్డుకి నడిచింది.

అత్తగారి గడ్డం మీద వాంతి ఎండి అట్టకట్టింది. పుల్లటి కంపు. ఆమె ఊపిరి బిగబట్టి తడిగుడ్డతో తుడిచింది. కూర్చుంటే తప్పు, నిల్చుంటే తప్పు అని కోడల్ని పెళ్లయిన నాటి నుంచీ సాధించిన ఆవిడ, కళ్లు తెరిచి తియ్యగా నవ్వింది.

"ఎవరమ్మా నువ్వు? ఎంత మంచిదానివి! నీలాంటి పిల్ల మా ఇంటికి కోడలుగా వచ్చుంటే ఎంత బాగుండేది!"

భర్త పకపకా నవ్వాడు. "విన్నావా? వేళాకోళం మొదలెట్టింది. అమ్మ కోలుకున్నట్టే!"

ఇన్నేళ్లూ ఆ మెప్పు కోసమే కాచుకున్న కోడలికి ఇప్పుడు అది వింటే డోకొచ్చింది. "వేళాకోళం కాదండీ, నన్ను గుర్తుపట్టట్లేదు! మాత్రలు అవతల పారేసి నరానికి ఎక్కించే మందు తెప్పించండి!"

ఆయన నవ్వు ఆగింది. మంచం మీదకు వంగి, "అమ్మా, నేనెవర్ని?" అన్నాడు.

ఆవిడ పైట సర్దుకోబోయి, కొడుకు వంక ఎంతో మర్యాదగా చూసింది.

"మీరు డాక్టరుగారు కదండీ," అంది.