చాంద్‌బీ పిడికిలి

భార్య చాంద్‌బీ పోయిన రోజునే మౌలాలి ఇంట్లో రంజాన్ పాయసం షీర్‌ఖుర్మా కూడా పోయింది. సేమ్యా ఎంత, ఖర్జూరం ఎంత అని ఎవరడిగినా ఆమె "పిడికెడు" అనేది. ఆ పిడికిలి ఇప్పుడు మట్టిలో ఉంది.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏటి రంజాన్ పండుగ. సూర్యాపేట ఈద్గాలో నిరుడు భుజానికి భుజం తగిలింది. ఈసారి చాపలు మిగిలాయి.

"అల్లా దయ, కాళ్లు బార్లా సాపుకోవచ్చు," అన్నాడు దర్జీ మౌలాలి. పక్కాయన నవ్వబోయి దగ్గాడు.

ఏటా నమాజు కాగానే చాంద్‌బీ సేమ్యా, చక్కెర, ఖర్జూరం మూటగట్టి, పక్కింటి కిరాణా కొట్టు కనకమ్మకు గోడ మీదుగా అందించేది. సాయెబుల ఇంట వండింది కనకమ్మ ముట్టదు. పచ్చి సరుకు తీసుకుని, చాంద్‌బీ చెప్పినట్టు తానే వండుకునేది. ఊళ్లో గొడవలైనప్పటి నుంచి ఆ గోడ మీద మాట్లాడిన వాళ్లు లేరు. మౌలాలి మూట కట్టాడు గాని, వద్దంటే తట్టుకోలేనని గోడ దాకా పోయి వెనక్కొచ్చాడు. పొయ్యి రాజేశాడు.

కాసేపటికి గోడ అవతల నుంచి గొంతు వినబడింది.

"ఏం మాడబెడుతున్నవన్నా?"

"పండుగను, చెల్లె."

"సేమ్యా నెయ్యిల ఏంచినవా?"

"ఏంచాల్నా?"

"ఏంచకుంటె అంబలైతది."

"అంబలి గూడ గాలే, జిగురైంది. కాలర్లకు పూసుకుంట."

కనకమ్మ నవ్వింది. "నా వంతు యాడ? వదిన పోయిందని నా పండుగ గూడ ఖతం జేస్తవా?"

మౌలాలి మూట అందించాడు.

మధ్యాహ్నం గోడ మీదికి ఇత్తడి గిన్నె వచ్చింది. ఆ ఇంటి గిన్నె ఈ ఇంటికి రావడం అదే మొదలు. రుచి చూశాడు. అచ్చం చాంద్‌బీ చేతిదే, వాసన తప్ప.

"చెల్లె, గిది గుడి ప్రసాదం వాసనొస్తది!"

"పచ్చకర్పూరం. ఏటా ఏస్త. వదినకు చెప్పలే, తిడతదని."

"నేను తిట్టనా?"

"జిగురు కాసెటోనివి, నువ్వేం తిడతవ్!"

మౌలాలి గిన్నె అడుగు దాకా తుడుచుకు తిన్నాడు. ఇరుగుపొరుగు గిన్నె ఖాళీగా తిప్పి ఇవ్వరాదని చాంద్‌బీ అనేది. అతను వండింది కనకమ్మ ముట్టదు, పచ్చి సరుకు పెడదామంటే ఆమెదే కిరాణా కొట్టు. అందులో ఏం పెట్టి ఇవ్వాలో అతనికి తోచలేదు.

గిన్నె ఇంకా తిరిగి ఇవ్వలేదు.