గంగామణి మురబ్బా

ఈ ఏడు చలికాలం మా ఇంటికి ఒక్కదానికే వస్తుందని వార్డు మనిషి తలుపు మీద చీటీ అంటిస్తాడు. కార్తీక పున్నమి తరువాతి సోమవారం నుంచి నూట ఇరవై రోజులు. మిగతా వీధికి ఈసారి చలి లేదు. నా చేత సంతకం పెట్టించుకుంటూ, ఇంట్లో ఎందరని అడుగుతాడు. ఇద్దరమని చెబుతాను.

"ఇద్దరున్నరు గాబట్టే మీకు వడ్డది. ఒక్కరే ఉంటె ఇయ్యరు," అంటాడు. ఆ మాటలో తప్పేమీ కనిపించదు. సంతకం పెడతాను.

నా భార్య గంగామణి చీటీని రెండుసార్లు చదువుతుంది. ఆమె ఒంట్లో మిగిలిన వేడి ఈ చలికాలం దాటడానికి చాలదని డాక్టరు ఆషాఢంలోనే చెప్పాడు. ఆ రోజు ఇద్దరం తల ఊపి, ఆటోలో ఇంటికి వచ్చి, దొండకాయ వేపుడుతో అన్నం తిన్నాం. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. 

"నిలవ వెట్టుకుందాం," అంటుంది గంగామణి. "ఉసిరికాయలు తేపో. మురబ్బా జేద్దాం."

"ఏం నిలవ వెడ్తవు అండ్ల?"

"నన్నే. ఇంకేమున్నది మనింట్ల?"

నేను ముప్పై ఏళ్లు బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేశాను. వేడెక్కిన ఇంజనును చల్లార్చడం తెలుసు. వేడిని దాచడం ఎవరూ నేర్పలేదు. కాబట్టి ఆమె ఎలా చెబితే అలా చేద్దామనుకుని, తలుపు మీది చీటీ ఊడదీసి, సంచీ తీసుకుంటాను.

మార్కెట్లో ఉసిరికాయలమ్మే ఆమె నా చేతిలోని చీటీ చూసి, తక్కెడ పక్కకు పెట్టి, కాయల్ని ఒక్కొక్కటే ఎంచి ఇస్తుంది. నూట ఇరవై. ఇంకో పది వేయమని అడుగుతాను.

"ఎక్కువ దినాలు నా తాన లెవ్వన్నా. ఉంటె నేనే ఉంచుకోకపోదునా," అంటుంది.

కాయల్ని కడిగి, పొడి గుడ్డతో తుడిచి, పంచె మీద ఆరబోస్తాను. గంగామణి పీట మీద కూర్చుని ఒక్కో కాయను గుప్పిట్లో పట్టుకుంటుంది. కళ్లు మూసుకుంటుంది. ఆకుపచ్చ కాయ పసుపు తిరిగాక నాకు అందిస్తుంది. నేను దబ్బనంతో చుట్టూ పొడుస్తాను. పొడిచిన చోటల్లా సన్నగా ఆవిరి వస్తుంది. ఒక్కో కాయలో ఒక్కో రోజుకు సరిపడా ఆమె వేడి ఉంది. చలికాలంలో రోజుకొకటి తింటే మాఘం దాటి ఫాల్గుణంలో పడుతుంది. అంతకు మించి నేనేమీ కోరడం లేదు.

ముప్పై కాయలయ్యాక శాలువా అడుగుతుంది. అరవై అయ్యాక స్వెట్టరు. ఎనభై అయ్యాక తన కాళ్లను కాస్త పక్కకు జరపమంటుంది. జరుపుతాను. ఖాళీ గిన్నెల్లా తేలిగ్గా వస్తాయి.

"ఇగ ఆపుదాం, గంగామణీ."

"ఆపితె మాఘంలనే ఒడుస్త. నువ్వు లోతుకు పొడువు. పాకం గింజ దాక గుంజాలె."

ఆమె చూడకుండా నేనూ ఒక కాయను గుప్పిట్లో పట్టుకుంటాను. ఎంతసేపు పట్టుకున్నా అది పచ్చగానే ఉంటుంది. "నీది నీకే సాలదు. కింద వెట్టు దాన్ని," అంటుంది కళ్లు తెరవకుండా. దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు కింద పెడతాను.

బెల్లం పాకం పెట్టేది నేనే. తీగపాకం రావాలని, ముదిరితే రాయవుతుందని ఆమె గదిలోంచి చెబుతూ ఉంటుంది. గరిటె మీది చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య లాగి చూస్తాను. తీగ సాగుతుంది. తెగదు. వేళ్లు చాలక దాని ఒక కొసను కిటికీ ఊచకు అంటించి, రెండో కొస పట్టుకుని వెనక్కి నడుస్తాను. వీధిలోకి వస్తాను. కిరాణా కొట్టు దాటుతాను. డిపో గేటు దాకా వెళ్తాను. వాచ్‌మన్ తల వంచి తీగ కింద నుంచి దూరి, బాగున్నావా అని అడుగుతాడు. బాగున్నానని అబద్ధం చెప్పి, తీగను చుట్టుకుంటూ ఇంటికి వస్తాను.

"తెగలేదా?"

"తెగలేదు."

"అయితె అయింది. దించు."

కాయలన్నీ జాడీలోకి వెళ్తాయి. మూతికి వాసెన గుడ్డ కడతాను. జాడీ పక్కలు మెల్లగా ఉబ్బుతూ తగ్గుతూ ఉంటాయి. గంగామణిని మంచం మీద కూర్చోబెడతాను. చలికాలం రావడానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

"సోమవారం దాక ఇప్పద్దు. తడి తగలనియ్యద్దు," అంటుంది. ఆ తరువాత ఇక మాట్లాడదు.

వీధంతా ఎండగా ఉంది. అందరి ఇళ్లలోనూ కూలర్లు తిరుగుతున్నాయి. గంగామణి చల్లగా ఉందని తెలిసి పక్కింటి పోసాని మజ్జిగ చెంబు తెచ్చి ఆమె పక్కన పెడుతుంది. మధ్యాహ్నానికి మరో ఇద్దరు పుచ్చకాయలు తెస్తారు. నాకు ఒళ్లు మండుతుంది. "ఇదేమన్న ఫ్రిజ్జా?" అని అరుస్తాను. పోసాని నొచ్చుకోదు. "ఊకెనే పోతున్నది గదన్నా, ఆ సల్లదనం," అని చెంబును ఇంకాస్త దగ్గరికి జరుపుతుంది.

నాలుగు రోజులు ఓర్చుకుంటాను. పొద్దున లేచి ఆమె ముందు కూర్చుంటాను. నిన్న కరెంటు పోయిందని చెబుతాను. చెప్పిందే మళ్లీ చెబుతాను. ఆమె కనురెప్పలు మాత్రం కదులుతాయి. గంగామణి మాట వినపడని ఇల్లు నాకు వద్దు. ఐదో రోజు వాసెన విప్పి, చెంచాతో ఒక కాయ తీసి ఆమె నోట్లో పెడతాను.

ఆమె బుగ్గలకు రంగు వస్తుంది. లేచి తల దువ్వుకుంటుంది. చీరలు మడత పెట్టిన తీరు చూసి నన్ను తిడుతుంది. పోసాని తెచ్చిన చెంబును గుమ్మం బయట పెట్టి వస్తుంది. నేను వెనకే తిరుగుతూ నవ్వుతూ ఉంటాను.

"ఇప్పుడెందుకు తీసినవయ్యా? ఇంక నాలుగు దినాలుండె గద."

"నువ్వు లేక తోస్తలేదు."

ఆమె దగ్గరికి వస్తుంది. నా చొక్కా గుండీ సరిగా పెడుతుంది.

ఉసిరి తిన్నాక నీళ్లు తాగితే తియ్యగా ఉంటాయి. ఈ సంగతి తెలియనివాళ్లు మా జిల్లాలో లేరు. గ్లాసు కోసం వెళ్లే ఓపిక లేక, ఆ చెంచాతోనే బిందెలోంచి నీళ్లు తీసి ఆమెకు పడతాను. ఒక చెంచా, ఇంకో చెంచా. "బెల్లం గలిపినట్టున్నయి," అని ఆమె నవ్వుతుంది. ఆ నవ్వు రేపు కూడా కావాలనిపిస్తుంది. రేపటి కాయ ఇప్పుడే తీసి పెట్టుకుందామని చెంచాను జాడీలో ముంచుతాను. తుడవను. ముప్పై ఏళ్లలో ఒక్క నట్టు కూడా వదులుగా వదలని చెయ్యి అది.

గంగామణి చూస్తుంది. నవ్వు ఆపుతుంది. "అయ్యో," అంటుంది, అంతే.

మరునాడు పొద్దున జాడీ అంచున తెల్లగా బూజు పడుతుంది. ముట్టుకుంటే బూజు కాదు, మంచు. మధ్యాహ్నానికి మెడ దాకా వస్తుంది. వాసెన ముడి దానంతట అదే విడిపోతుంది. జాడీలోంచి చలికాలం బయటికి దిగుతుంది. పొట్టిగా, నిండుగా, ఎర్రటి బుగ్గలతో ఉంది. భుజాన మంచు నింపిన తెల్లటి సంచీ ఉంది. పెదవి చివర పాకం అంటుకుని ఉంది.

"సోమవారం గద నువ్వు రావాల్సింది," అంటాను.

"తడి చెంచా వెట్టినవు. అది పిలిసినట్టే. పిలిస్తె ముందే వస్త."

"కాయలు?"

"తిన్న. మంచిగ కుదిరినయి."

తిరిగి ఇవ్వమని కాళ్లు పట్టుకుంటాను. సిగ్గుపడను. తిన్నదాన్ని ఎలా ఇవ్వాలో తనకూ తెలియదని, కావాలంటే చెయ్యి పట్టుకుని చూడమని అంటుంది. పట్టుకుంటాను. జ్వరమొచ్చినప్పుడు గంగామణి పొయ్యి దగ్గర నుంచి వచ్చి నా నుదుటి మీద పెట్టే చెయ్యి. అదే వేడి. నేను ఏడుస్తాను. వీధికి వినపడేలా ఏడుస్తాను.

మంచం మీద గంగామణి రెప్పల మీది మంచు దులుపుకుంటుంది. తిన్న ఒక్క కాయ వేడీ ఆమెలో అయిపోవచ్చింది.

"ఏడువకు. నా తాన ఉన్నది ఇగ సలే," అంటుంది. "ఆ సంచి ఇటియ్యి."

చలికాలం సంచీ ఇస్తుంది. గంగామణి దాన్ని భుజాన వేసుకుని మంచం దిగుతుంది. చలికాలం ఆమె చోట్లో కూర్చుని, నా చెయ్యి వదలకుండా, దుప్పటి కాళ్ల మీదికి లాక్కుంటుంది.

"యాడికి?" అని అడుగుతాను గంగామణిని.

"ఇగ సలికాలం నేనే గద. చీట్ల మనిల్లే రాసిండ్రు. వేరే ఇంటికి పోరాదు. గడప తాన కూసుంట."

ఆమె వెంట వెళ్లాలని లేస్తాను. పట్టుకున్న చెయ్యి వెచ్చగా, గట్టిగా ఉంది.

"తలుపెయ్యవయ్యా, సలొస్తది," అని పక్క నుంచి గంగామణి గొంతు వినిపిస్తుంది. మాట్లాడింది చలికాలమే. నాకు తెలుసు. కానీ ఇన్నేళ్లూ ఆ గొంతు ఏది చెబితే అదే చేశాను. ఖాళీగా ఉన్న చెయ్యి చాచి తలుపు వేస్తాను. గడియ పెట్టింది కూడా నేనే.

బయట చప్పుడు లేదు. కాసేపటికి తలుపు కింద సందులోంచి మంచు చుక్కలు లోపలికి వస్తాయి. వరుసకు పదకొండు. తరువాత వాటిని కలుపుతూ గీతలు వస్తాయి. ఒక్క గీత కూడా వంకర పోదు. గంగామణి అవతల కూర్చుని ముగ్గును ఇంట్లోకి వేస్తోంది. అది గచ్చంతా పరుచుకుంటూ మంచం దాకా వస్తుంది. మంచం మీది చలికాలం ముగ్గు తొక్కకుండా కాళ్లు పైకి ముడుచుకుని, కాస్త జరిగి, నాకు చోటిస్తుంది. నేను కూడా మంచమెక్కి కాళ్లు పైకి పెట్టుకుంటాను.