తాలు రంగు

మంగళగిరి నుంచి మాధురి ఫోన్ చేసేసరికి హారిక పప్పులోకి తాలింపు పెడుతోంది. స్టవ్ కట్టేసి విన్నది. పంపిన ఆరు డిజైన్లూ బాగున్నాయట. దేనికదే బాగుందట.

"కానీ హారికగారూ, ఆరుగురూ ఆరు పెళ్ళిళ్ళకి బయల్దేరినట్టున్నారండీ. ఒక్క ఇంటివాళ్ళలా లేరు," అంది మాధురి.

మాధురిది బట్టల మీద డిజిటల్ ప్రింట్లు వేసే యూనిట్. వేసవికి ఆమెకో కలెక్షన్ కావాలి. ఎనిమిది డిజైన్లు. పక్కపక్కన పెడితే అక్కచెల్లెళ్ళని ఎవరూ చెప్పకుండానే తెలియాలి. శుక్రవారంలోగా అందకపోతే వేరేవాళ్ళవి తీసుకుంటానని మర్యాదగానే చెప్పింది. నచ్చితే మాత్రం బట్ట అంచు పొడుగునా గీసినవాళ్ళ పేరు అచ్చవుతుంది.

హారిక పేరు పెళ్ళయ్యాక అచ్చులో పడింది ఒక్క రేషన్ కార్డు మీదే. అందులోనూ మూడో వరసలో.

దర్శి పక్క పల్లెకి కోడలిగా వచ్చి పదహారేళ్ళు. బోటనీలో చేసిన ఎమ్మెస్సీ పెరట్లో కరివేపాకుకి తెగులు వచ్చినప్పుడల్లా అక్కరకొచ్చేది. కూతురి ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న ట్యాబ్, కూతురు హాస్టల్లో చేరాక ఆమె చేతికొచ్చింది. ఏం చేస్తోందని ఎవరైనా అడిగితే భర్త శివరామకృష్ణ, "ట్యాబులో ముగ్గులేస్తుందిలెండి," అనేవాడు, ప్రాణం మీదికి రాని జబ్బు గురించి చెప్పినట్టు. ఆమె సరిదిద్దలేదు. పేరు సంగతీ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం ఆరింటినీ ఒకే తెర మీద పరిచి చూసుకుంది. నెమలి, అమరావతి శిల్పాల్లోని పద్మం, మామిడిపిందె, గోపురం, మిరపకాయ, పత్తికాయ. ఎవరికీ ఎవరితో మాటల్లేవు. పైగా ఆ నెమలిని ఆమె క్యాలెండర్లో తప్ప ఎక్కడా చూడలేదు. ముందు దాన్ని తీసేసింది. తర్వాత అదే ఊపులో మిగతావాటినీ తీసేసింది.

టీ ఫ్లాస్కు పట్టుకుని మిరపకాయలు ఆరబోసిన కళ్ళానికి వెళ్ళేసరికి అత్తగారు కోటిరత్నం కాయ ఏరుతోంది. ఎర్రకాయ ఒక పక్కకి, రంగు వెలిసిపోయిన తాలుకాయ ఇంకో పక్కకి. తాలు కుప్ప వైపు ఎవరూ చూడరు. హారిక చూసింది. పాలల్లో ఒక్క బొట్టు పసుపూ, ఒక్క బొట్టు సిగ్గూ కలిపినట్టుంది దాని రంగు. పక్కన ఎర్రకాయ పెడితే ఎరుపు లేచి కూర్చుంది. గోనెపట్టా పెడితే అదీ మెరిసింది.

"తాలుకి ఫొటోలు దేనికే?" అంది కోటిరత్నం.

"ఇది అందరితో సర్దుకుపోతుందత్తయ్యా."

"మన ఇంట్లో ఒకరన్నా ఉండాలిగా," అని ఆవిడ మళ్ళీ ఏరుకోసాగింది.

అక్కడితో హారికకి దారి దొరికింది. ఐదే రంగులు: పండు ఎరుపు, ఎండు ఎరుపు, తొడిమ పచ్చ, గోనె గోధుమ, తాలు. ఎనిమిదింటికీ వెనక నేల తాలు రంగే. కళ్ళంలో, చేలో కంటపడనిది ఏదీ గీయకూడదు. పెద్ద డిజైన్లకి మిరపకాయలూ, విచ్చిన పత్తీ. మధ్యరకానికి మిరపపూలూ, పత్తి డిప్పలూ. చిన్నవాటికి గింజలూ, తొడిమలూ, గోనె కుట్లూ.

ఈ పనిలో గీసేది ఒక్క చదరమే. దాన్నే యాప్ పక్కపక్కనా, పైనా కిందా పేర్చుకుంటూ పోతుంది. కుడి అంచులో తెగిన కాయ ఎడమ అంచులో కొనసాగాలి. అతుకు కనపడిందా, పరువు పోయినట్టే. హారిక అతుకులన్నీ కలిపింది. బుధవారం సాయంత్రం మిరపకాయల డిజైన్ని టీవీకి కలిపి తెర నిండా పరిచింది. ముచ్చటేసింది.

అప్పుడే సీరియల్ కోసం కోటిరత్నం వచ్చి కూర్చుంది. తెరవంక కాసేపు చూసింది.

"కళ్ళంలో దారులెందుకు వదిలావమ్మాయ్? ఎవరు నడవడానికి?"

హారికకి ముందు అర్థం కాలేదు. అత్తగారి పక్కకెళ్ళి కూర్చుని చూస్తే కనిపించాయి. కాయల మధ్య పైనుంచి కిందికి తాలు రంగు బాటలు, బండి జాడల్లా. ఒక్క చదరంలో అవి లేవు. నలభై చదరాలు చేరేసరికి పుట్టుకొచ్చాయి.

"కాయలన్నిటినీ ఒకే పక్కకి పడుకోబెట్టావు, అదీ సంగతి. తెరిపి ఉండొచ్చు గానీ దారి ఉండకూడదు," అంటూ కోటిరత్నం లేచి వెళ్ళి చాటెడు కాయలు తెచ్చింది. ముప్పై ఐదేళ్ళుగా కళ్ళంలో కాయ చల్లిన చెయ్యి ఒక్కసారి విసిరింది. గచ్చు మీద ఏ కాయా పక్కకాయ మాట వినలేదు. అయినా ఎక్కడా బాట పడలేదు. హారిక ఆ గచ్చునే చూస్తూ మళ్ళీ మొదటి నుంచి గీసింది. సీరియల్ పోయిన సంగతి కోటిరత్నం రెండు రోజులు గుర్తుచేసింది.

శుక్రవారం పొద్దున ఎనిమిదీ పంపింది. గంటలో ఫోను.

"వీళ్ళది ఒకే ఇల్లండీ," అంది మాధురి. "ఆ లేత రంగు పేరేంటి?"

హారిక చెప్పింది. మాధురి నవ్వి, కలెక్షన్‌కి ఆ పేరే ఉంచేసింది.

మూడు వారాలకి పార్సిల్ వచ్చింది. శివరామకృష్ణ విప్పి, బట్ట అంచున ఉన్నది చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి చదివాడు. వెంటనే ఎవరికో ఫోన్ చేసి, "ముగ్గులు కాదెహె, డిజైనరు. పేరుతో సహా అచ్చేశారు," అని కోప్పడ్డాడు, ఆ మాట అన్నది అవతలివాళ్ళే అయినట్టు. హారిక బట్టలు మడతలు పెడుతూ ఉండిపోయింది. ఒక్కో మడతా మూడేసిసార్లు పెట్టింది.

కోటిరత్నం మిరపకాయల బట్టని మంచం మీద పరిచి అతుకు కోసం వేలితో తడుముకుంటూ పోయింది. ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్ళింది, వెనక్కి వచ్చింది. చివరికి వేలు తీసేసింది.

"ఎక్కడ మొదలెట్టావే దీన్ని?"

హారిక జన్మలో ఇంత పెద్ద పతకం అందుకోలేదు. "చెప్పనత్తయ్యా," అంది.

ఇంతలో శివరామకృష్ణ తొడిమల బట్ట భుజాన వేసుకుని అద్దంలో చూసుకున్నాడు. చొక్కా కుట్టించుకుంటానన్నాడు. కోటిరత్నం దాన్నీ పట్టుకుని చూసింది. ఒకచోట వేలు ఆగింది. వంపు తిరిగిన తొడిమల మధ్య ఒక్కటి మాత్రం రెండు కొసలూ పైకి మెలితిరిగి ఉంది. ఆవిడ దానివంక చూసింది. కొడుకు మీసంవంక చూసింది. కోడలివంక చూసింది. హారిక వంటింట్లో పాలు పొంగుతున్నాయని వెళ్ళిపోయింది. స్టవ్ మీద పాలే లేవు.

"కుట్టించుకోరా," అంది కోటిరత్నం. "నీకు అచ్చం సరిపోతుంది."