నీలిమ గారి ముగ్గులు

గేటు ముందు ముగ్గు పూర్తి చేసి, నడుం పట్టుకుని లేచి, ఎలా వచ్చిందో ఒకసారి చూసుకుంటున్నాను. ఎదురింటి కృష్ణయ్య బాబాయి భార్య పాల ప్యాకెట్లతో వెళ్తూ ఆగింది. "చానా బాగుందే తిరపతమ్మా. నీలిమ సైటులో చూసి ఏశావా?" అంది. నా వేళ్ళకి పిండి ఇంకా అలాగే ఉంది. "అవును పిన్నీ," అన్నాను. కాదు, ఆ సైటులో ఉన్నవన్నీ నా చేత్తో వేసినవే అంటే, ఆ మాట సాయంత్రానికి వీధి చివరిదాకా పోయి, తోడికోడలంటే తిరపతమ్మకి కడుపుమంట అయి తిరిగొస్తుంది. కడుపుమంట ఉన్న మాట నిజమే. కానీ దాన్ని వీధిలో పెట్టుకోవడం ఎందుకని లోపలికొచ్చి కాఫీ కలిపాను. మొదటి గ్లాసు నీలిమ గదికే తీసుకెళ్ళాను.

నీలిమ మా మరిది తేజ భార్య. ఎడ్లపాడు పిల్ల, ఇంజినీరింగ్ చదివింది. బెంగుళూరు కంపెనీ ఒకదానికి ఇంట్లో కూర్చునే పని చేస్తుంది. ఆమె గది తలుపు మూసి ఉంటే ఇంట్లో అందరూ అడుగులో అడుగు వేసి నడుస్తారు. మా అత్తయ్య రాజమ్మ అయితే టీవీ సౌండు కూడా తగ్గిస్తుంది. "అమ్మాయి పనిలో ఉంది" అంటుంది. నేను ఎప్పుడైనా వంటింటి తలుపు దగ్గరకేస్తే "ఏందే, తలుపేసుకుని ఏం చేస్తన్నావ్?" అని కేక వినపడుతుంది. నాకు ఆమె జీతం మీద అసూయ లేదు, చీరల మీద అసలే లేదు. ఆ మూసిన తలుపు చూస్తే మాత్రం ఒళ్ళు మండిపోతుంది. లోపల ఆమె పని చేస్తోందో, కాళ్ళు చాపుకుని నిద్రపోతోందో ఎవరూ అడగరు చూడండి, అదీ నా ఏడుపు.

సైటు ఆలోచన నాది. ముగ్గు వేసినప్పుడల్లా ఫోటో తీసి దాచుకునేదాన్ని. మధ్యాహ్నానికల్లా బండి చక్రాలు తొక్కేస్తాయి, మర్నాడు పొద్దున నేనే ఊడ్చి కళ్ళాపి చల్లేస్తాను. ఎన్నేళ్ళు వేసినా నేను వేశానని చెప్పడానికి ఏమీ మిగలదు. అందుకని ఒకరోజు ధైర్యం చేసి తేజని అడిగాను. "అదెంత పని వదినా, హోస్టింగ్ కంపెనీ వాళ్ళు వాళ్ళ కంప్యూటర్లలో మనకి జాగా అద్దెకిస్తారు, అందులో పెట్టుకోవటమే," అన్నాడు. ఖాతా ఎవరి పేరు మీద అన్న దగ్గర పని ఆగింది. మా ఇంట్లో కొట్టు తెరిచినా, బోరు వేసినా, పంతులు గారితో పేరుబలం చూపించందే అడుగు పడదు. అత్తయ్య ఇంటిల్లిపాది పేర్లూ పట్టుకుని వెళ్ళింది. నా పేరుకి వ్యాపారం కలిసిరాదట, నీలిమ పేరు బంగారమట. మా ఆయన సాంబశివరావు పురుగుమందుల కొట్టు నుంచి అప్పుడే వచ్చాడు. "అయినా తిరపతమ్మ ముగ్గులంటే ఎవురు చూస్తారే, తిరనాళ్ళలో పసుపు కుంకం అమ్మేదాని పేరల్లే ఉంది," అని నవ్వాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "ఎవురి పేరైతే ఏందే, అంతా ఇంట్లోదేగా," అంది అత్తయ్య. ఖాతా నీలిమది, మెయిల్ నీలిమది, సైటు పేరు 'నీలిమ ముగ్గులు', పైన నవ్వుతున్న ఫోటో నీలిమది. చుక్కలు మాత్రం నావి.

రోజూ ముగ్గు పెడతాను. ఎన్ని చుక్కలో, ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ మెలిక తిప్పాలో విడివిడిగా ఫోటోలు పెడతాను. కింద నాలుగు మాటలు రాస్తాను. "పాలు పొంగుతాయేమోనని ఒక చెవి వంటింట్లో పెట్టి వేశాను, అందుకే ఈ మెలిక వంకర పోయింది. దిద్దలేదు, ఉండనివ్వండి." ఇలాంటివే. వాటికి ఎక్కడెక్కడి ఆడవాళ్ళో జవాబులు రాస్తారు. "నీలిమ గారూ, ఇవాళ మా ఇంట్లో కూడా పాలు పొంగాయి." "నీలిమ గారూ, మీరు మీ ముగ్గుల్లాగే ఉన్నారు." అన్నిటికీ నేనే నీలిమనై థాంక్సండీ అని రాస్తాను. ఆమె అందాన్ని మెచ్చుకున్నవాళ్ళకి కూడా నేనే థాంక్స్ చెప్పాను. మొన్న మహిళా దినోత్సవానికి వినుకొండలో ముగ్గుల పోటీ పెట్టి, నీలిమని న్యాయనిర్ణేతగా పిలిచారు. ఆమె పట్టుచీర కుచ్చిళ్ళు సర్దింది నేను. కారెక్కుతూ "అక్కా, మార్కులు ఏం చూసి ఎయ్యాల?" అని అడిగితే చెప్పింది నేను. అక్కడ శాలువా కప్పించుకుని, రంగుల కింద తప్పు చుక్కలు దాచేసిన ఒకావిడకి మొదటి బహుమతి ఇచ్చొచ్చింది. ఆ శాలువా మా దండెం మీద ఆరేసి ఉన్నన్నాళ్ళూ నేను బట్టలు డాబా మీద ఆరేసుకున్నాను.

అలాంటి సైటు ఒకరోజు తెరవబోతే తెరుచుకోలేదు. తెల్లటి తెర మీద 'ఈ ఖాతా నిలిపివేయబడింది' అని ఒక్క ముక్క ఉంది. పరుగున వెళ్ళి నీలిమ గది తలుపు కొట్టాను. ఆమె మెయిల్ తెరిచి చూస్తే హోస్టింగ్ కంపెనీ వాళ్ళ హెచ్చరికలు వరసగా ఉన్నాయి. "ఆఫీసు మెయిళ్ళతోనే సరిపోతంది అక్కా, ఇది చూడలా," అంది. సంగతేమిటంటే, తేజకి ఈ మధ్య రాజకీయం పట్టుకుంది. తను తిరిగిన మీటింగులు, ర్యాలీలు, దండలు వేయించుకున్న వీడియోలన్నీ తెచ్చి నా ముగ్గుల పక్కన దాచాడు. సైటుకని ఇచ్చిన జాగాని గోడౌనులా వాడుకోవడం షరతులకి విరుద్ధమట. ఈ వారంలో వీడియోలు తీసేయకపోతే సైటుతో సహా మొత్తం చెరిపేస్తామని రాశారు. "వీడియోలు తీసేస్తే సరిపోద్ది కదండీ," అన్నాను భోజనానికొచ్చిన మా ఆయనతో. "నీకేం తెలుసే, నువ్వూరుకో," అని ఫోను అందుకున్నాడు.

అవతల హోస్టింగ్ కంపెనీ నుంచి జెబా అని ఒకమ్మాయి మాట్లాడింది. మా ఆయన స్పీకర్ పెట్టాడు. "అన్‌లిమిటెడ్ ప్లానని మీరే రాశారు. అన్‌లిమిటెడ్ భోజనమని బోర్డు పెట్టి, రెండోసారి సాంబారడిగితే ఆకు ముందు నుంచి లేపుతారంటమ్మా?" అన్నాడు. ఆ అమ్మాయి నవ్వలేదు, విసుక్కోలేదు. "భోజనం ఎంతైనా చేయొచ్చు సార్. మూట కట్టుకుని పోకూడదని షరతుల్లో ఉంది. అయినా ఖాతాదారుతో తప్ప నేను ఎవరితోనూ మాట్లాడకూడదు సార్. నీలిమ గారికి ఇవ్వండి," అంది. మా ఆయన కంగుతిని ఫోను నీలిమకి ఇచ్చాడు. నాకు ఒక్క క్షణం సంతోషం వేసింది. మరుక్షణమే ఆ సంతోషం పోయింది. ఎందుకంటే జెబా గొంతు మారిపోయింది. "నీలిమ గారూ, ఇది ఆఫీసు మాట కాదు. మాకు ముగ్గులు వేసే అలవాటు లేదండీ. కానీ కింద మీరు రాసే నాలుగు మాటల కోసం రోజూ మీ సైటు తెరుస్తాను. పాలు పొంగిన రోజు రాసింది మా అక్కకి కూడా పంపాను," అంది. నేను గరిటె పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను. నీలిమ నా వైపు చూసింది. చూసి, "థాంక్యూ అండీ," అంది. ముగ్గుల్ని ఆమెవనుకున్నప్పుడు ఇంత మండలేదు. ఆ మాటలు నేను ఎవరికీ చెప్పుకోలేక అక్కడ రాసుకున్నవి. వాటిని కూడా ఆమె ఒళ్ళో వేసుకుంటే, ఆ ఫోను లాక్కుని నేలకేసి కొట్టాలనిపించింది. పులుసు అడుగంటిన వాసన వస్తే వంటింట్లోకి వెళ్ళాను.

సాయంత్రం అందరం హాల్లో కూర్చున్నాం. అంటే వాళ్ళు కూర్చున్నారు, నేను టీ గ్లాసులతో నిలబడ్డాను. "వీడియోలు తీసేసేది లేదు," అన్నాడు తేజ. "ఎలక్షన్లొస్తన్నయ్యి. అన్నీ ఒక్కసారే దించుకోడానికి నా దగ్గర జాగా లేదు. గడువు ఆఖరి నిమిషందాకా ఒక్కోటి దించుకుంటా, తర్వాత మొత్తం చెరిపేసుకుంటే చెరిపేసుకోనియ్. ముగ్గులదేముంది వదినా, రోజూ ఊడ్చిపారేసేయ్యేగా. మళ్ళా ఏసుకోవచ్చు." మా ఆయన తలూపాడు. "పోనీలేవే, ఇంకోటి తెరుద్దాం," అన్నాడు. ముగ్గు ఊడ్చిపారేసేదేనని నాకు వేరే చెప్పాలా? ఆ బాధ పడలేకే కదా అదంతా ఒకచోట దాచుకున్నాను. ఖాళీ గ్లాసులు ఏరుకున్నాను. ఎవరూ నా వైపు చూడటం కూడా లేదు. ఖాతాదారు నీలిమ కాబట్టి అందరూ నీలిమ నోటి వైపే చూస్తున్నారు. నేను పెంచుకున్నది ఉండాలో పోవాలో ఆమె చెప్పాలి. దాన్ని నిలబెట్టమని ఆమెని బతిమాలడం కంటే, అది పోతేనే నయమని కూడా ఒక్క క్షణం అనుకున్నాను. పోతే ఆ సైటులోని నీలిమ గారు కూడా పోతుంది కదా.

"వీడియోలు తీసేయమని జెబాకి చెప్తన్నా," అంది నీలిమ.

తేజ విసురుగా లేచి బయటికి పోయాడు. "అమ్మాయి చెప్పిందంటే అన్నీ ఆలోచించే చెప్పుద్ది," అన్నాడు మా ఆయన. మధ్యాహ్నం అదే మాట నేనంటే నీకేం తెలుసే అన్న మనిషి. మర్నాడు సైటు తెరుచుకుంది. వచ్చారా నీలిమ గారూ, మీరు లేక వాకిలి చిన్నబోయిందండీ అని జవాబులు వచ్చిపడ్డాయి. "నీలిమ గనక నిలబెట్టింది," అని అత్తయ్య ఎదురింటి పిన్నికి గేటు దగ్గర చెబుతుంటే విన్నాను. ఇన్నేళ్ళ నా చాకిరీ అంతా ఒక వైపు, ఆమె అన్న ఒక్క మాట ఇంకో వైపు. బరువంతా ఆ మాటకే ఉంది.

ఆ మధ్యాహ్నం నేను గోరుచిక్కుళ్ళు ఒలుచుకుంటుంటే నీలిమ వచ్చి ఎదురుగా కింద కూర్చుంది. ఆమె కింద కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"జెబా పొగుడుతుంటే నువ్వక్కడే ఉన్నావు అక్కా. అయ్యి నీ మాటలని చెప్పబోయా. నోరు రాలా."

"ఎందుకు రాలా?"

ఆమె ఒక గోరుచిక్కుడుకాయ తీసుకుని తుంచింది. "బాగుంది," అంది. "పొగుడుతుంటే బాగుంది. ఆఫీసులో నన్నెవురూ పొగడరు అక్కా. తలుపేసుకుని తిట్లు తింటా ఉంటా." తర్వాత తల ఎత్తింది. "ఖాతా నీ పేరు మీదకి మార్చమని రాస్తా. మార్చుకోవచ్చంట, అడిగా. నేను రాస్తే, నువ్వు ఒప్పుకుంటే చాలంట."

నేను కరిగిపోయి ఆమెని పట్టుకుని ఏడ్చి ఉంటే బాగుండేది. అలా జరగలేదు. నాకు ఇంకా మండింది. ఇచ్చే చెయ్యి కూడా ఆమెదే అయింది. రేపు ఇది బయటికొస్తే, ఎంత మంచి పిల్ల, తోడికోడలికి రాసిచ్చేసింది అంటారు. చివరికి ఈ మంచితనం కూడా ఆమెకే దక్కుతుంది, నాకు తీసుకున్నదాన్నన్న పేరు. వద్దని మొహం తిప్పుకుంటే నా పౌరుషం నిలబడుతుంది. కానీ నా పాలూ, నా వంకర మెలికలూ ఆమె పేరు కిందే ఉండిపోతాయి. ఇన్నాళ్ళూ పౌరుషానికి పోయే కదా నోరు మూసుకున్నాను.

"నీ చేతి మీదగా తీసుకోవాలంటే నాకు మండుతోంది నీలిమా," అన్నాను. "అయినా తీసుకుంటా."

"మండితే మండనీ అక్కా. రాయనా?"

"రాయి. నీ ఫోటో కూడా తీసేస్తా."

"తీసెయ్," అంది. కొంచెం నొచ్చుకుంది. ఆమె నొచ్చుకున్నందుకు నాకు కొంచెం బాగుంది, దాచడమెందుకు.

రెండు రోజులకి నా ఫోనుకి కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. 'తిరుపతమ్మ గారికి' అని మొదలైంది. ఖాతా బదిలీకి కింద ఉన్న షరతులన్నీ చదివి, సమ్మతమైతే నొక్కండి అని ఉంది. ఇంగ్లీషులో చేంతాడంత ఉన్నాయి. ఫోను చేత తెలుగు చేయిస్తే మరీ ఘోరంగా వచ్చాయి. అయినా భోజనాల బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుని ఒక్కొక్కటీ చదువుతున్నాను. ఈ జాగా నాది, ఇందులో పెట్టినదానికి బాధ్యత నాది, ఇంకొకరి సామాను తెచ్చి ఇందులో పడేయకూడదు. ఒప్పుకోకపోయినా పరవాలేదట, అది నా ఇష్టమట. పెళ్ళిచూపులప్పుడు మా నాన్న నా మొహం కూడా చూడకుండా తాంబూలాలు పుచ్చుకున్నాడు. ఒప్పుకుంటావా అన్న ప్రశ్న నన్ను ఎవరైనా అడగడం నాకు గుర్తున్నంతలో ఇదే మొదలు. ఆ ప్రశ్నని కాసేపు అలాగే చూస్తూ ఉండాలనిపించింది.

మా ఆయన కొట్టు నుంచి వచ్చి, చేతులు కడుక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"ఏమే, అన్నం పెట్టు."

"చదువుతున్నానండీ."

"ఏంది చదివేది?" తొంగి చూశాడు. "ఓరి నీ, షరతులా? అయ్యెవురన్నా చదువుతారంటే? అడుక్కి పోయి ఒప్పుకున్నానని నొక్కెయ్, అయిపోద్ది." ఆగకుండా తనే నొక్కబోతూ వేలు చాపాడు.

నేను ఫోను నా వైపు జరుపుకున్నాను.

"పెళ్ళికి అట్టాగే ఒప్పుకున్నానండీ, చదవకుండా," అన్నాను. "అన్నం గిన్నెలో ఉంది. పెట్టుకోండి."