కనకరత్నం గొంతు

కూర్మన్నపాలెం జంక్షన్లో ఏడున్నర బస్సు తప్పిపోయిందంటే కనకరత్నానికి ఆ రోజు తల ప్రాణం తోకకొచ్చేది. ఆ తరవాతి బస్సు అక్కడికి వచ్చేసరికే కిక్కిరిసిపోయి, ఫుట్‌బోర్డు మీద కూడా కాలుపెట్టే చోటుండదు. అందుకని ఆవిడ తెల్లారకుండానే అన్నం వార్చి, మొగుడికి క్యారేజీ కట్టి, తడిజుట్టు ముడేసుకుని పరుగెత్తేది. పాతపోస్టాఫీసు దగ్గర దిగి మెరక ఎక్కితే కాలేజీ. అక్కడ బీయే తెలుగు మీడియం వాళ్ళకి ఎకనామిక్స్ చెప్పేది. చెప్పడమంటే అలా ఇలా కాదు. హార్బర్లో ఓడ కూతపెట్టినా ఆవిడ క్లాసులో ఒక్క పిల్లాడు తల తిప్పేవాడు కాదు.

అంతా బాగానే ఉంది గానీ ఆవిడ టెంపరరీ. ఏటా ఏప్రిల్ నెలాఖర్న కాలేజీ ఆవిణ్ణి తీసేసేది, జూలైలో మళ్ళీ వేసుకునేది. దాన్ని బ్రేకంటారు. ఎందుకయ్యా ఈ బ్రేకూ అంటే, మనిషి ఎడతెగకుండా పనిచేస్తే రేపు పర్మనెంటు చెయ్యమని మెడమీద కూర్చుంటుందని. మధ్యలో తెంపేస్తే ఏటా కొత్త మనిషే కదా. ఈ తెంపడంలో సెక్రటరీ సీతారామాంజనేయులుగారిది అందెవేసిన చెయ్యి. ఆయన గోదావరి జిల్లానించి పోర్టు కాంట్రాక్టులకొచ్చి, నాలుగు రాళ్ళు వెనకేసుకుని, ఆనక విద్యాదానం మీద మనసుపడి కాలేజీ పెట్టిన మనిషి. దానం చేసిందేమిటో మాత్రం ఇంతవరకూ ఎవరి కంటా పడలేదు.

పాప పుట్టిన ఏడు జరిగింది అసలు సంగతి. టెంపరరీ వాళ్ళకి పురిటి సెలవు లేదు. పురిటికి వెళ్తే వెళ్ళినట్టే, తిరిగొచ్చేసరికి ఆ కుర్చీలో ఇంకెవరో ఉంటారు. అంతకుముందు హిస్టరీ చెప్పే ఆవిడకి అలాగే అయింది. అంచేత కనకరత్నం నెలలు నిండినా బస్సెక్కుతూనే ఉంది. ఒకరోజు పొద్దున్న బస్సుకి బయల్దేరుతుండగా నొప్పులొచ్చాయి. మొగుడు గురునాథరావు టాక్సీ మాట్లాడి ఆస్పత్రికి తీసికెళ్ళాడు. ఆవిడకి నొప్పులకంటే క్లాసు బెంగ ఎక్కువైపోయింది. ఆ బెంగకే అయిందో మరెలా అయిందో గానీ, అక్కడ కాలేజీలో గంట కొట్టగానే, ఖాళీ కుర్చీ దగ్గర్నించి ఆవిడ గొంతు పాఠం మొదలుపెట్టింది. పిల్లలు ఒకసారి అటు చూసి నోట్సులు తెరిచారు. వరండాలో పోతున్న ప్రిన్సిపాల్‌గారు, క్లాసు నడుస్తోంది కదా అని ముందుకెళ్ళిపోయారు.

ఇక్కడ ఆస్పత్రిలో కనకరత్నం నోరు తెరిచింది. కేక రాలేదు. గొంతు డ్యూటీలో ఉంది. పంటి బిగువున, చప్పుడన్నది లేకుండా కనేసింది. ఇంత ఓర్పున్న మనిషిని చూళ్ళేదని నర్సు మెచ్చుకుంది. తల్లి సన్యాసమ్మ మాత్రం కొంగుతో కూతురి మొహం తుడుస్తూ తనే ఏడిచింది.

"నొప్పొత్తే అరవడానికైనా నోసుకోనేదు నా తల్లి," అంది.

ఆ తరవాత పురుడు తీరేదాకా అదే వరస. గొంతు పొద్దున్న కాలేజీకి వెళ్ళి, క్లాసులయ్యాక ఇంటికొచ్చేది. పగలు పాప ఏడిస్తే కనకరత్నం ఒళ్ళో వేసుకుని ఊపేది, జోలపాట సన్యాసమ్మ పాడేది. ఇరుగుపొరుగు వాళ్ళు కూడా ఆవిడతో ఏదైనా మాట్లాడాలంటే సాయంత్రం వచ్చేవాళ్ళు. ఏదయితేనేం, ఆ ఏడు ఆవిడ ఉద్యోగం నిలబెట్టింది గొంతే. పిచ్చిది, అందుకు దానికి దణ్ణం కూడా పెట్టుకుంది. తరవాత బ్రేకులో ఇంట్లో కూర్చున్నప్పుడు కూడా, పరీక్ష తప్పినవాళ్ళకి పెట్టే వేసవి క్లాసులు గొంతే వెళ్ళి చెప్పొచ్చేది. జీతం లేని చాకిరీ సెక్రటరీగారికి చేదా?

ఇలా ఉండగా, మూడేళ్ళు ఎడతెగకుండా పాఠం చెప్పినవాళ్ళని పర్మనెంటు చెయ్యాలని, వాళ్ళ జీతాలు తనే ఇస్తానని ప్రభుత్వం ఉత్తర్వు వేసింది. సరిగ్గా అప్పుడే గురునాథరావు పని పోయింది. స్టీల్ ప్లాంటులో అతను ఎవరి కింద క్రేన్ నడిపేవాడో ఆ కాంట్రాక్టరు, పని పూర్తయిందని మనుషులందర్నీ ఒక్కసారే పొమ్మన్నాడు. గురునాథరావు గాజువాకలో షెడ్డు షెడ్డూ తిరిగి, ఎక్కడా పని దొరక్క మంచమెక్కాడు. ఇంక ఇంటికి దిక్కు కనకరత్నమే. పర్మనెంటయితే బియ్యానికీ పాలకీ తడుముకోనక్కర్లేదు. లేకపోతే వచ్చే ఏప్రిల్‌కి మళ్ళీ రోడ్డు.

హెడ్ క్లర్కు నీలకంఠం, మీకు ఏటా బ్రేకులున్నాయి కాబట్టి ఈ ఉత్తర్వు వర్తించదమ్మా అని తేల్చేశాడు. ఆవిడ ఇంటికెళ్ళి దుప్పటి ముసుగేసుకు పడుకుంది. అర్ధరాత్రి కాబోలు లేచి కూర్చుని మొగుణ్ణి తట్టి లేపింది. బ్రేకుల్లో తను లేకపోయినా గొంతు ఉంది కదా, పాఠం ఆగింది ఎప్పుడు, ఆ మాటే పర్మనెంట్లు తేల్చే కాలేజీ కమిటీ ముందు చెప్తానంది. గురునాథరావు లేచి మంచం మీద కూర్చున్నాడు.

"గొంతు ఊసు ఆళ్ళకాడ ఎత్తకు రత్నం," అన్నాడు. "నాను కాంట్రాక్టర్లని సూసినోణ్ణి. మనకాడ పనికొచ్చేదేటుందో సూపిత్తే, ఆళ్ళు దాన్నే అట్టుకుంటారు. మనల్ని కాదు."

"అంతా నీ బయం. ఉన్నమాటే కదా సెప్తాను," అంది కనకరత్నం.

కమిటీ ఒక సాయంత్రం కూర్చుంది. క్లాసులైపోయాయి కాబట్టి గొంతు ఆవిడ దగ్గరే ఉంది. సెక్రటరీగారితో కలిపి పెద్దమనుషులు ముగ్గురూ టీ తాగుతూ చెప్పమన్నారు. చెప్పింది. పురిటి మంచం మీదున్న రోజు కూడా పాఠం ఆగలేదని, ఒక్క వేసవి కూడా ఖాళీ పోలేదని, ఇది ఎడతెగని సేవ కాకపోతే ఇంకేది సేవ అవుతుందో తమరే సెలవియ్యాలని అడిగింది. పాఠం చెప్పినట్టే, ఒకదాని వెనక ఒకటి, తిరుగులేకుండా చెప్పింది. అప్పుడు జరిగిందండీ విచిత్రం. సీతారామాంజనేయులుగారు లేచి నిలబడి, ఆ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం, ఆ గొంతు ప్రతి వేసవీ పాఠం చెప్పడం నేను చెవులారా విన్నాను అన్నాడు. కనకరత్నానికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళూ ఈయన్ని తిట్టుకున్నందుకు సిగ్గుపడి, వంగి కాళ్ళకి దణ్ణం పెట్టింది కూడా. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నెల తిరక్కుండా ఆర్డరు వచ్చింది. నీలకంఠం ఆవిణ్ణి సాయంత్రం గంటయ్యాక పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి మరీ చెప్పాడు.

"మీకు బ్రేకులున్నాయమ్మా. గొంతుకి లేవు. దాన్ని పర్మనెంటు చేశారు."

"మరి నేనో?"

"మీ పోస్టులోనే కదమ్మా దాన్ని వేసింది. ఇంక మీకు పోస్టెక్కడిది?"

జీతం ఎవరికిస్తారని అడిగింది ఆవిడ. సంతకం పెట్టడానికి గొంతుకి చెయ్యి లేదు కాబట్టి దాని తరపున సెక్రటరీగారు పెట్టుకుంటారని, ఆ సొమ్ము కాలేజీ అభివృద్ధికి వాడతారని నీలకంఠం తలొంచుకుని చెప్పాడు. పాపం, అతని తప్పేముంది.

మర్నాటినించి పొద్దున్న గంట కొట్టేసరికి గొంతు వెళ్ళిపోయేది, ఆవిడ ఇష్టాయిష్టాలతో పని లేకుండా. సాయంత్రం ఆఖరి గంటయ్యాక గానీ వచ్చేది కాదు. సెక్రటరీని నిలదీద్దామని కనకరత్నం కాళ్ళరిగేలా తిరిగింది. కానీ పగలు వెళ్తే అడగడానికి గొంతుండదు, గొంతొచ్చే వేళకి ఆఫీసు మూసేస్తారు. పోనీ అని గురునాథరావు వెళ్తే, మీరు మా స్టాఫు కాదు కదా అని గేటు దగ్గరే ఆపేశారు. అతను గేటుని ఓ తన్ను తన్ని, కుంటుకుంటూ ఇంటికొచ్చాడు. పాపకి పాలు మానిపించి గంజి అలవాటు చేసింది సన్యాసమ్మ.

అలాంటప్పుడు సెక్రటరీగారే కబురు పెట్టాడు. కనకరత్నం వెళ్ళేసరికి పదకొండయింది. గోడకి అవతల ఏడో నంబరు గదిలో తన గొంతు హాజరు పిలుస్తోంది. ఆయన కుర్చీ చూపించి, పాప బాగుందా అని అడిగి, ఫ్యాను వేయించాడు.

"చూడమ్మాయ్, గొంతు పాఠం భేషుగ్గా చెబుతోంది. ఒక్కటే ఇబ్బంది. బోర్డు మీద రాయడం దానివల్ల కాదు. పిల్లలు గొడవ పెడుతున్నారు," అన్నాడు. "చాక్‌పీసు పట్టుకుని అది చెప్పింది రాసే మనిషి కావాలి. రోజుకూలీ మీదే అనుకో. పరాయివాళ్ళెందుకు, దాని వరస నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పెయ్యి. నా దగ్గర బలవంతం ఉండదు."

ఆయన చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా, ఆవిడ జవాబు కోసం ఎదురుచూశాడు. ఆవిడకి ఆ బల్ల తన్నేసి, ఆయన మొహాన ఉమ్మేసి, మెరక దిగి పోవాలనిపించింది. తల అడ్డంగా ఊపొచ్చు కదా అంటారేమో. ఊపొచ్చు. ఊపుదామనే అనుకుంది. ఊపబోయేసరికి గంజి వద్దని మొహం తిప్పుకునే పాప గుర్తొచ్చింది. తల కదల్లేదు. సెక్రటరీగారు నీలకంఠాన్ని పిలిచి, అమ్మాయికి అభ్యంతరమేమీ లేదటయ్యా, రాసుకో అన్నాడు.

కనకరత్నం క్లాసులోకి వెళ్ళింది. పిల్లలు లేచి నిలబడ్డారు. తరవాత, నిలబడాల్సింది ఎవరికో తేల్చుకోలేక కూర్చున్నారు. కుర్చీ దగ్గర్నించి గొంతు శ్రమ గురించి చెబుతోంది. చాక్‌పీసు తీసుకుని ఆవిడ బోర్డు వైపు తిరిగింది.

"శ్రమ లక్షణాలు రాసుకోండి. ఒకటి. శ్రమను శ్రామికుడి నుంచి విడదీయలేము."

ఆవిడ రాసింది. మధ్యలో చాక్‌పీసు విరిగితే, వంగి ముక్క ఏరుకుని దాంతోనే పూర్తిచేసింది. ముందు బెంచీలో ఒక పిల్ల ఏదో అడగబోయి చెయ్యెత్తింది. కుర్చీ వైపు ఒకసారి, ఆవిడ వీపు వైపు ఒకసారి చూసి దించేసుకుంది. గొంతు ఆగలేదు. శ్రమను నిలవ ఉంచలేమంది. అదీ రాసింది.

"మూడు. శ్రామికుడికి బేరమాడే శక్తి తక్కువ. ఇది పరీక్షలో తప్పకుండా వస్తుంది."

కనకరత్నం అదీ రాసి, కింద గీత గీసింది.