ధూపం అని రాసి ఉన్న కవరు

నేనొక కవరుని. అరచేతిలో ఇమిడేంత, వెండిరంగు కవరుని. ముందువైపు తులసి కొమ్మ బొమ్మ, దాని కింద లావుపాటి తెలుగు అక్షరాల్లో ‘సుగంధ మూలికా ధూపం’ అని ఉంటుంది. వెనకవైపు, కళ్ళజోడున్నవాళ్ళు కూడా వెతుక్కోవలసినంత చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో మరో ముక్క ఉంటుంది: ఇది మనుషులు సేవించడానికి కాదు అని. నా గురించి చెప్పుకోవడానికి గొప్పలేమీ లేవు. అయినా చెబుతాను. ఈ కథలో సిగ్గుపడవలసినవాళ్ళు పడలేదు, వాళ్ళ వంతు కూడా నేనే పడుతున్నాను.

నన్ను తయారుచేసినాయన పేరు రామభద్రం. రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ, అందులో బంగారు పతకం కూడాను. మందుల కంపెనీలో ఉద్యోగం పోయాక ఊరి చివర రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నాడు. గంజాయి చేసే పనిని గాజుసీసాలో పుట్టిన పొడి చేత, అదీ ఎన్నో రెట్లు మొరటుగా, చేయించడం అతని విద్య. ఆ పొడి కలిపిన నీళ్ళలాంటిదేదో ఎండుటాకుల మీద చల్లి, నాలాంటివాటిలో నింపేవాడు. చల్లింది అంతటా సమంగా పడేది కాదు. ఒకచోట ఆకు తడిసీ తడవనట్టుండేది, మరోచోట ముద్దయ్యేది. ముద్దయిన ఆకు నా వాటాకు వచ్చింది. రామభద్రం చూశాడు. చూసి కూడా, “అంతా ఒకేలా రావడానికి ఇదేమన్నా జ్వరం బిళ్ళా?” అని తనలో తనే నవ్వుకుని నా మూతి అంటించేశాడు.

ఆయనకో అలవాటుండేది. జనం పేపర్లో సినిమా పేజీ చూసినంత ఇష్టంగా ప్రభుత్వ గెజెట్ చదివేవాడు. మత్తుమందుల చట్టం పట్టికలో తన పొడి పేరు చేరిందని తెలిస్తే చాలు, దాని అణువులో ఓ మూల చిన్న మార్పు చేసేవాడు. మత్తు అదే, పేరు వేరు. ఆ కొత్తదాన్ని ప్రభుత్వం పట్టుకుని, పరీక్షించి, కమిటీ వేసి, అచ్చు వేయించేసరికి ఈయన మరో మూల మార్చేసేవాడు. నాలో ఉన్నది ఏడో మార్పు. చట్టానికి అందని సరుకునని అప్పట్లో నాకూ కాస్త టెక్కు ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

కాకినాడలో ఒక పాన్‌షాపులో నన్ను కొన్నవాడు చైతన్య. ఇరవై నాలుగేళ్ళవాడు, సెల్‌ఫోన్ల షోరూములో పని. మంచివాడే. అందుకే ఒకటికి రెండుసార్లు అడిగాడు.

“ఇది గంజాయి కాదు కదండీ?”

“ఛఛ, గంజాయైతే నేనెందుకమ్ముతానండీ? ధూపమండి బాబూ. పోలీసోళ్ళు చూసినా ఏవీ అనరు” అన్నాడు షాపాయన.

తప్పు కాదని ఎవరైనా చెబితే చాలు, మనుషులకు సగం భారం దిగిపోతుంది. చైతన్య నన్ను ఇంటికి తెచ్చి తన గదిలో పుస్తకాల మధ్య దాచాడు. సెలవు రోజున కాలుద్దామనుకున్నాడు.

ఆ ఇంట్లో అప్పుడు పురుడు. చైతన్య అక్క శిరీష కాన్పుకి వచ్చి ఉంది. పాపకి నలభై రోజులు. వాళ్ళమ్మ మంగతాయారు రోజూ పొద్దున్నే మనవరాలికి నూనె రాసి, కాళ్ళమీద బోర్లా వేసుకుని నీళ్ళు పోసేది. తర్వాత గది తలుపులు వేసి, నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, ఆ పొగకి పాప తల ఆరబెట్టేది. ఆ గురువారం నీళ్ళు పోయడం అయ్యాక చూసుకుంటే సాంబ్రాణి డబ్బా ఖాళీ. కొడుకు గదిలో అగ్గిపెట్టె కోసం వెతుకుతుంటే నేను దొరికాను. తులసి కొమ్మ చూసింది. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుకుంది. వెనక ఉన్న ఇంగ్లీషు ఆమెకు రాదు.

“దేవుడి గదిలోకి తొంగి చూడనోడు ధూపం కొనుక్కొచ్చేడే!” అని ముచ్చటపడిపోయింది. ఆ ముచ్చట నన్ను ఇప్పటికీ కాలుస్తోంది.

గుప్పెడు ఆకు తీసి నిప్పుల మీద వేసింది. పొగ లేచింది. పాప ఒకసారి తుమ్మింది, తర్వాత ఏడవలేదు. మెడ వాలిపోయింది. పెదాలు నీలంగా మారుతుంటే మంగతాయారుకీ కళ్ళు తిరిగాయి. అయినా బిడ్డను వదలకుండా పాకుతూ వెళ్ళి తలుపు తీసింది.

ఆసుపత్రికి అందరితోపాటు నేనూ వెళ్ళాను, చైతన్య జేబులో. గదిలో నన్ను చూడగానే అతనికి విషయం అర్థమైంది. కానీ ఎవరికీ చెప్పకుండా నన్ను జేబులో కుక్కుకున్నాడు. పాపకు ఊపిరి గొట్టం వేశారు. పురుగుమందేమైనా తగిలిందా అని డాక్టరమ్మ అడిగింది. సాంబ్రాణి పొగ వేశానంది మంగతాయారు. ఎందుకైనా మంచిదని మత్తుమందు ఉందేమో పాప మూత్రాన్ని కాగితం పట్టీ మీద వేసి పరీక్ష చేశారు. ఏమీ లేదని వచ్చింది. వస్తుందా మరి! నన్ను అలా దొరక్కుండానే కదా చేసింది రామభద్రం.

“మత్తుమందు కాదు. మెదడు జ్వరమేమో, వెన్నులోంచి నీరు తీసి చూద్దాం” అంది డాక్టరమ్మ.

చైతన్యకి తప్పించుకునే దారి చక్కగా దొరికింది. పరీక్షే లేదంటోంది, చట్టంలో లేదు, అమ్మకి తెలియదు. అతని వేళ్ళు జేబులో నన్ను నలిపేశాయి. లోపల గాజు తలుపు అవతల పాప పొట్ట లేస్తోందా లేదా అని శిరీష లెక్కపెడుతోంది. ఉన్నట్టుండి అతను నన్ను బయటికి తీసి బల్ల మీద పెట్టాడు.

“ఇది నాదండి. సిగరెట్లో పెట్టుకుని తాగుదామని కొన్నాను. అమ్మ సాంబ్రాణనుకుంది. పట్టీలో రాకపోయినా ఇదేనండి, నేను చెప్తున్నాను కదా!”

మంగతాయారు కొడుకుని కొట్టలేదు, తిట్టలేదు. తన అరచేతులు రెండూ తిప్పి చూసుకుంది.

ఆ మాట వల్ల వైద్యం దారి మారింది. మూడో రోజు పాప ఏడ్చింది. నన్ను పోలీసులు లక్క ముద్ర వేసి ప్రయోగశాలకి పంపారు. అక్కడ విక్టోరియా గారని ఒకావిడ నా లోపలి పొడి ఏమిటో పదకొండు రోజులు కూర్చుని తేల్చింది. దీని కుటుంబమంతా నిషేధంలో ఉంది, ఇది మాత్రం పట్టికలో లేదు, వెంటనే చేర్చాలి అని రాసింది. చేర్చేందుకు కాగితం కదిలింది. చేర్చినా ఆ తేదీ నుంచే వర్తిస్తుంది, అంతకుముందు జరిగినదానికి కాదు. పాన్‌షాపాయన చెప్పిన ఆచూకీతో పోలీసులు రామభద్రాన్ని పట్టుకొచ్చారు గానీ, అతని వకీలు నా వెనకవైపు చిన్న అక్షరాలు భూతద్దంతో చూపించాడు. సేవించవద్దని మావాడు రాశాడు, పసిపిల్లకి పొగ వేసింది ఆ ఇంటివాళ్ళేనన్నాడు. రామభద్రం ఇంటికెళ్ళిపోయాడు. ఎనిమిదో మార్పు మొదలెట్టే ఉంటాడు.

కేసు మూసేస్తున్నట్టు సంతకాలకోసం కుటుంబాన్ని స్టేషనుకి పిలిచారు. నేను బల్ల మీదే ఉన్నాను, ముద్రతో సహా. పాపకి ఏడో నెల. శిరీష ఒళ్ళో కూర్చుని తన కాలి గజ్జె నోట్లో పెట్టుకోవాలని చూస్తోంది. ఆ గురువారం తర్వాత మంగతాయారు మనవరాలిని ముట్టుకోలేదు. కూతురు బతిమాలినా, పాప చేతులు చాచినా, దూరంగా జరిగిపోయేది. చైతన్య అమ్మ పక్కన తల దించుకుని నిలబడ్డాడు.

“చట్టప్రకారం ఇందులో ఎవరిదీ నేరం లేదమ్మా” అన్నాడు ఇన్‌స్పెక్టరు, కాగితం వంకే చూస్తూ.

“ఎవరిదీ లేదా బాబూ?”

“లేదమ్మా.”

“అయితే మరి... నేను పిల్లనెత్తుకోవచ్చా అండీ?”

ఇన్‌స్పెక్టరు తలెత్తాడు. అతని దగ్గర ఆ ప్రశ్నకి సెక్షను లేదు. జవాబు చెప్పవలసింది నేను. నీ చేతుల్లో ఏ తప్పూ లేదు తల్లీ, అంతా నాలోనే ఉంది అని గొంతు చించుకుని అరవాలనిపించింది. కవరుకి గొంతెక్కడిది?

శిరీష లేచింది. పాపను తల్లి ఒళ్ళో పెట్టింది. మంగతాయారు రెండు చేతులూ పాప చుట్టూ వేసింది. పాప ఆమె మెడలోని గొలుసు పట్టుకుని లాగి నవ్వింది. అప్పుడు ఆమె బల్ల మీద ఉన్న నన్ను చూసింది. గబుక్కున పక్కకి తిరిగి, పాప ముఖానికి కొంగు అడ్డం పెట్టింది.

మంచి పని చేసింది. నేనైనా అదే చేసేదాన్ని.