ఐదో అంతస్తులో ఆగిన పేరా

మా మరదలిది చాలా పెద్ద అంతస్తు. రోజుకి నాలుగుసార్లు పన్నెండో అంతస్తు దాకా వెళ్ళొస్తుంది. లిఫ్టు మెకానిక్ మరి! నేను సైన్‌బోర్డులు రాస్తాను. మా వీధిలో సగం షాపుల పేర్లు నా కుంచె మీదుగా పుట్టినవే. పొద్దస్తమానం అక్షరాలతో కాపురం చేసేవాడికి చదువు నేర్పడం ఎంతసేపని నా ధీమా.

నేర్పాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, స్కూలు మధ్యలో మానేసి పనిలో చేరిన మరదలు ఇరవై తొమ్మిదో ఏట సాయంకాలం కాలేజీలో డిప్లొమా చదువుతానని పట్టుబట్టింది. సీటు కావాలంటే ఒక పరీక్ష గట్టెక్కాలి. మూడు పాఠ్యభాగాలు ఇస్తారు. చదివి అర్థం చేసుకుని పదిహేను ప్రశ్నలకి గంటలో జవాబులు రాయాలి. పదొస్తే సీటు. మొదటిసారి ఆమెకి ఆరొచ్చాయి. రెండోసారి శనివారం. అదే ఆఖరు.

"చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతున్నా బావా," అంది ముఖం వేలాడేసి. "మళ్ళీ పైనుంచి చదువుతా. మళ్ళీ మర్చిపోతా. ఈలోపు గంట కొట్టేస్తారు."

"నీకు అర్థం కాకపోవడమేంటే, అర్ధం అయింది. మిగతా సగం నేను చూసుకుంటాగా!"

వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది. "పారిపోవే చెల్లీ! ఈయన చేతిలో పడితే ఉన్న ఆరూ ఊడతాయి."

నేను ఆగలేదు. ముఖ్యమైన మాటల కింద గీతలు గియ్యమన్నాను. సాయంత్రానికి పేజీ చారల చొక్కా అయింది. "అన్నీ గీసేశావేంటే?" అంటే, "ఏది ముఖ్యమో తెలిస్తే నీ దగ్గరికెందుకొస్తాను?" అంది. కుక్కరు పక్కనుండే టైమరు తెచ్చి పెట్టి వేగంగా చదివించాను. కళ్ళు పరిగెత్తాయి, బుర్ర బస్టాపులోనే ఉండిపోయింది. బుధవారం నమూనా పరీక్ష పెడితే ఐదొచ్చాయి. పాఠాలు చెప్పబోయి ఆమెకి పాట్లు తెచ్చిపెట్టాను.

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. ఐదు వేళ్ళు చూపించి వెళ్ళిపోయింది.

గురువారం మధ్యాహ్నం మరదలికి ఫోనొచ్చింది. ఏదో అపార్ట్‌మెంటులో లిఫ్టు కదలట్లేదట. రెండు రోజులే మిగిలాయి కదా అని, కాగితాలు పట్టుకుని నేనూ వెంటపడ్డాను. ఆమె పనిముట్ల సంచితో ముందు, నేను పెద్దగా చదువుతూ వెనక. దారిన పోయేవాళ్ళు నన్నేదో ప్రచారానికి బయల్దేరాననుకున్నారు.

అపార్ట్‌మెంటు వాచ్‌మన్ తాత ఎదురొచ్చాడు. "పొద్దున్నుంచీ ఉలుకూ పలుకూ లేదమ్మా."

"పన్నెండు అంతస్తులు!" అన్నాను నేను. "కిందనుంచి ఒక్కొక్క తలుపూ చూసుకుంటూ పోదాం పద."

మరదలు నన్ను పట్టించుకోలేదు. "తాతా, ఆఖరుసారి బాగా నడిచింది ఎప్పుడు?"

"ఐదో అంతస్తుకి సోఫా ఎక్కించారు. దించుకున్నారు. తలుపేశారు. అంతే, మళ్ళీ కదల్లేదు."

ఆమె మెట్లెక్కి నేరుగా ఐదుకి వెళ్ళింది. నేను ఆయాసంతో చేరేసరికి లిఫ్టు తలుపు పైనున్న గడిలోంచి స్పాంజి ముక్క లాగుతోంది. తలుపు మూసుకుందో లేదో మోటారుకి చెప్పే స్విచ్చి అక్కడ ఉంటుందట. సోఫా స్పాంజి అందులో ఇరుక్కుంది. తీసేసింది. లిఫ్టు గుర్రుమంది. పావుగంట పని!

నేను చదవడం ఆపలేదు. "నీరు గడ్డకట్టేటప్పుడు వ్యాకోచిస్తుంది. అందువల్ల మంచు నీటికంటే తేలికై పైన తేలుతుంది. ఆ పొర కింద చేపలకి దుప్పటి అవుతుంది..."

"ఆగు బావా. చేపలకి దుప్పటేంటి?"

"అదే నాకూ... దిండు కూడా ఇస్తారేమో!"

"అంటే నీకూ అర్థం కాలేదా?"

"నేను అక్షరాలు చదువుతున్నానే. అర్థం చూసుకునేది నువ్వు కదా?"

ఆమె నవ్వుతుందనుకున్నా. నవ్వలేదు. చేతిలో స్క్రూడ్రైవరుతో నావైపే చూస్తోంది. "బావా, ఎందాకా నడిచింది నీకు? ఏ వాక్యం దాకా బాగా అర్థమైంది?"

"మంచు పైన తేలడం దాకా."

"అయితే మొదట్నుంచి మళ్ళీ చదవకు! లోపం అక్కడికీ దుప్పటికీ మధ్యలోనే ఉంది." స్క్రూడ్రైవరుని గాల్లో ఆడిస్తూ చెప్పుకుపోయింది. "పైన మంచు పొర. దుప్పటి ఏం చేస్తుంది? చలిని లోపలికి రానివ్వదు. అంటే కింద నీళ్ళు నీళ్ళుగానే ఉంటాయి. అంటే చేపలు బతుకుతాయి! చేపల సంగతి ఎందుకెత్తాడో వచ్చేసింది బావా!"

"ఓహో!" అని నేను అరిచిన అరుపుకి ఐదో అంతస్తులో మూడు తలుపులు తెరుచుకున్నాయి.

ఆ రెండు రోజులూ కొత్త పద్ధతే. పేరా చదవడం, తెలిసినంతవరకూ తన మాటల్లో చెప్పడం, ఎక్కడ నోరాగిందో అక్కడ పెన్సిలు చుక్క పెట్టడం, ఆ చుక్క దగ్గరే తవ్వడం. పేజీకి రెండో మూడో చుక్కలు, అంతే. నేను వినేవాణ్ణి. నాకు అర్థం కాకపోతే ఆమెకీ పూర్తిగా కానట్టే లెక్క. ఇంత ఉపయోగకరమైన తెలివితక్కువతనం నాలో ఉందని ఇన్నాళ్ళూ ఎవరూ గుర్తించలేదు.

శనివారం కాలేజీ వరండాలో గంటకి పైగా తిరిగాను. నా చెప్పుల చప్పుడుకి ప్యూను రెండుసార్లు వేలు నోటికి ఆనించి చూపాడు. తలుపు తెరుచుకుంది. కాగితాలు అక్కడికక్కడే దిద్దారట. మరదలు బయటికి రాలేదు. నేనే గుమ్మంలోకి తొంగిచూశాను.

"పన్నెండు," అంటోంది లెక్చరరమ్మ. "సీటు వచ్చినట్టే. సోమవారం ఆరింటికి క్లాసు."

"పన్నెండా!" నేను చప్పట్లు కొట్టాను. "పదవే, అక్కకి చెప్దాం! నా ముఖానికి ఐదు వేళ్ళూ చూపించింది, ఇప్పుడు పన్నెండు చూపించడానికి నా చేతులు చాలవు!"

మరదలు కదల్లేదు. కుర్చీ ముందుకి జరుపుకుంది.

"మేడమ్, ఆ మూడూ ఎందుకు తప్పయ్యాయో చూపించరూ?"

"పాసయ్యావమ్మా, ఇంటికెళ్ళు."

"వెళ్తాను మేడమ్. ఈ ఏడో ప్రశ్న ఒక్కటి చూద్దాం. రెండో పేరా దాకా నాకు బాగానే వచ్చింది."

లెక్చరరమ్మ గడియారం వైపు చూసింది, మరదలి వైపు చూసింది, పెన్ను మూత మళ్ళీ తీసింది. "సరే, రెండో పేరాలో రచయిత ఎవరితో గొడవ పడుతున్నాడు, చెప్పు?"

"గొడవా!" అంది మరదలు కళ్ళు పెద్దవి చేసి. "గొడవ పడుతున్నాడా?"

నేను చప్పుడు చెయ్యకుండా లోపలికెళ్ళి వెనక బెంచీ మీద కూర్చున్నాను. ఆ గొడవేంటో నాకూ తెలుసుకోవాలనిపించింది.